వదిన చెప్పిన ఆదివారం కథలు

భరణం ఎగ్గొట్టి పారిపోయిన తండ్రుల్ని వెతికి పట్టుకునే ఆ ఆఫీసులో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ జల్లెడే. ఎదురుగా ఉంటే జల్లెడక్క, పక్కకి తిరిగితే ఉత్త జల్లెడ. ఆవిడ ఊరిని జల్లెడ పట్టిందంటే ఎక్కడ నక్కినవాడైనా పైకి తేలాల్సిందేనని దాని అర్థం. ఆ పేరు చెవిన పడినప్పుడల్లా "ఏం పేర్లో ఏమిటో" అని మొహం చిట్లించేది గానీ, మనసులో మాత్రం మురిసిపోయేది.

మురిసిపోవడంలో తప్పు లేదు. మిగతా గుమాస్తాలు కంప్యూటర్లో పేరు కొట్టి, దొరకలేదని రాసి, టీకి లేచేవాళ్ళు. కన్నబిడ్డకి పట్టెడన్నం పెట్టాల్సి వస్తుందని ఊరూ పేరూ మార్చుకున్న ఘనుడు పాత పేరుతో ఎందుకు దొరుకుతాడు? జల్లెడ పేరు జోలికే వెళ్ళేది కాదు. అతను వదిలేసిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మంచినీళ్ళిచ్చి, ఒక్కటే అడిగేది: "ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయన మానుకోలేని పని ఏమిటమ్మా?" ఒకడు గడ్డం పెంచి, మతిమరుపు నటించి, పావురాల పిచ్చి మాత్రం వదులుకోలేక గింజలమ్మే కొట్టు ముందు దొరికిపోయాడు. ఇంకొకడు ఎన్ని ఊళ్ళు మారినా చదరంగం పోటీలకి వెళ్ళకుండా ఉండలేకపోయాడు. రాజుకి షా చెప్పే సమయంలో సమన్లు చేతిలో పెట్టించింది.

ఇంత తెలివైన మనిషికీ ఒక జబ్బుంది. నోరు. ఆఫీసు సంగతులు గడప దాటకూడదని ఉద్యోగంలో చేరిననాడే సంతకం పెట్టించుకున్నారు. ఆవిడ పెట్టింది. ఆదివారం వచ్చేసరికి ఆ సంతకం సంగతి మరిచిపోయేది. ఆదివారం మధ్యాహ్నం భోజనం చెల్లెలి ఇంట్లో. అక్కడ కూర వడ్డించేలోపే కథ మొదలయ్యేది.

చెల్లెలంటే జల్లెడకి ప్రాణం. చెల్లెలికి జడవేయడం రాని వయసులో అమ్మానాన్నలు పోతే తనే పెంచింది. తను పెళ్ళి చేసుకోవడానికి తీరిక దొరకలేదు. తీరిక దొరికేసరికి వయసు దొరకలేదు. చెల్లెలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి కుదిరి, ఆ భవనంలో లిఫ్టులు చూసే మెకానిక్కుని ఇష్టపడితే, జల్లెడ ఎగిరి గంతేసి రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం పెట్టింది. మరిది మితభాషి. తిన్న పళ్ళెం తనే కడిగి, తుడిచి, గూట్లో పెట్టేవాడు. భార్య పళ్ళెమూ, వదిన పళ్ళెమూ కూడా. "ఇలాంటివాడు దొరకడం నీ అదృష్టమే బుజ్జీ" అని జల్లెడ ప్రతి ఆదివారం దిష్టి పెట్టేది.

పైగా ఎంత మంచి శ్రోత! గడ్డం కింద చెయ్యి ఆనించుకుని వినేవాడు. "ఎలా దొరికాడు వదినా?" అని అడిగేవాడు. చెప్పేది. "అయితే వాడు ఎక్కడ పొరపాటు చేశాడంటారు?" అని అడిగేవాడు. అదీ చెప్పేది, ఇంకొంచెం ఉత్సాహంగా. ఆఫీసులో పెద్దసారు కూడా తన పనిని అంత శ్రద్ధగా ఎప్పుడూ అడగలేదు మరి.

ఆ ఏడు ఆ ఇంట్లో అందరి ధ్యాసా చెల్లెలి కడుపు మీదే. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఈసారి ఎనిమిదో నెల వచ్చింది గానీ రక్తపోటు కూడా వెంట వచ్చింది. కాళ్ళు వాచేవి. డాక్టరమ్మ జల్లెడని పక్కకి పిలిచి మరీ చెప్పింది: కాన్పు పెద్దాసుపత్రిలోనే జరగాలి, ఏమాత్రం ఆలస్యమైనా తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు, అప్పటిదాకా కంగారు పెట్టే మాట ఏదీ ఆమె చెవిన పడకూడదు. అప్పటినుంచీ జల్లెడకి కంటిమీద కునుకు లేదు. చెల్లెలు దక్కాలి. ఇంకేం జరిగినా ఫరవాలేదు.

అలాంటి రోజుల్లో ఒక శుక్రవారం, పొరుగూరి నుంచి ఒక బస్సు కండక్టరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, భుజాన తోలుసంచీ ఇంకా వేలాడుతోంది. కూతురికి ఎనిమిదేళ్ళు. బెంచీ మీద బుద్ధిగా కూర్చుని ఎడమచేత్తో బొమ్మలు గీసుకుంటోంది. కుడిచెయ్యి ఒళ్ళో వేరేవాళ్ళ వస్తువులా పడి ఉంది.

"మా తోటి కండక్టరు ఆయన్ని ఈ ఊళ్ళో చూసిందండీ. నడుస్తున్న బస్సులోంచి దిగిపోయాడంట. ఆయనకి అది అలవాటే. నా కాపురంలోంచి కూడా టిక్కెట్టు లేకుండా దిగిపోయాడు," అంది కండక్టరమ్మ. నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు.

ఫొటో అడిగితే లేదంది. ఆయన ఫొటోలు తీసేవాడే గానీ ఏనాడూ దిగేవాడు కాదట. పెళ్ళి కాగితం మీదున్నది జిరాక్సుకి జిరాక్సు తీసి తీసి తారుముద్దలా అయింది. పని ఏమిటంటే కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుట్టేవాడంది. జల్లెడ మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపి తన ప్రశ్న అడిగింది.

కండక్టరమ్మ నీళ్ళు తాగి గ్లాసు దించింది. "మానుకోలేని పనంటే... చెరిపేసుకోవడమండీ."

"అంటే?"

"ఆయన ఎక్కడున్నా అక్కడ లేనట్టుండాలి. కూర్చున్న మంచం మీద దుప్పటి సరిచేసేవాడు. నేనేదో శుభ్రం అనుకున్నాను. నాకు ఎనిమిదో నెల వచ్చాక ఇల్లు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాడు. బిడ్డ వస్తోంది, చోటు కావాలనేవాడు. రోజుకొకటి. ఒకరోజు పాత బూట్లు, ఒకరోజు పనిముట్ల పెట్టె, ఒకరోజు చొక్కాలు. కొంచెం కొంచెంగా పోతుంటే ఏం తెలుస్తుందండీ? ఇల్లు ఎంత విశాలంగా ఉందో అని సంబరపడ్డాను. తొమ్మిదో నెలలో ఒక పొద్దున నాకు నొప్పులొచ్చాయి. పిలిస్తే పలకలేదు. లేచి చూస్తే ఇంట్లో ఆయనది ఒక్క దారప్పోగు లేదు. ఆసుపత్రికి చేద్దామంటే నా ఫోను కూడా లేదు. అదే ఆయన ఆఖరున పట్టుకెళ్ళిన వస్తువు."

బిడ్డ ఇంట్లోనే పుట్టింది. అడ్డం తిరిగిన బిడ్డని పక్కింటి ముసలావిడ చెయ్యి పట్టి లాగింది. ఆ చెయ్యే ఇప్పుడు ఒళ్ళో పడి ఉన్నది. కండక్టరమ్మ ఇదంతా పిల్లకి వినపడకుండా గొంతు తగ్గించి చెప్పింది. తర్వాత విచారిస్తే తనకంటే ముందు ఇంకొక ఊళ్ళో ఇంకొకావిడ ఉందని తెలిసిందట. అక్కడా అంతే. తొమ్మిదో నెల.

జల్లెడకి ఒళ్ళు మండిపోయింది. "పాతాళంలో ఉన్నా లాక్కొస్తానమ్మా" అంది. ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అంది.

ఆదివారం చెల్లెలి ఇంటికి వెళ్ళేసరికి గుమ్మం పక్కన చెప్పుల గూడు సగం ఖాళీగా ఉంది. వసారాలో చిందరవందరగా ఉండే తీగల చుట్టలు లేవు. "ఇల్లు అద్దంలా ఉందే!" అంది జల్లెడ. "అంతా మీ మరిదే. పాపాయికి చోటు కావాలి కదక్కా," అంది చెల్లెలు. ఆ మాట విన్నాక కూడా జల్లెడ నిక్షేపంగా కూర్చుని అన్నం కలుపుకుంది. ఊరందరి ఆనవాళ్ళూ పసిగట్టే ముక్కు చెల్లెలి ఇంట్లోకి వచ్చేసరికి పడిశం పట్టినట్టయింది. మన అనుకున్నవాళ్ళని ఎవరు మాత్రం వాసన చూస్తారు?

"ఈ వారం ఎవరు వదినా?" అన్నాడు మరిది, మంచినీళ్ళు పోస్తూ.

నోరా వీపుకు దెబ్బలు తేకే అని ఊరికే అనలేదు పెద్దలు. జల్లెడ మొదలుపెట్టింది. కండక్టరమ్మ తోలుసంచీ, టిక్కెట్టు లేకుండా దిగిపోవడం, అన్నీ అభినయించి చెప్పింది. చెల్లెలు నవ్వింది. మోటార్ల పని గురించి చెప్పింది. "చేతిలో పడ్డ పని ఊరికే పోదు. మోటార్లు చుట్టినవాడు ఫ్యాన్లు బాగుచేస్తాడు, పంపులు బాగుచేస్తాడు, లేకపోతే..." అని ఏదో అనబోయి, అది పూర్తి చెయ్యకుండానే రోజుకొక వస్తువు సంగతిలోకి వెళ్ళిపోయింది. పాత బూట్లు. పనిముట్ల పెట్టె. చొక్కాలు.

చెప్తూ చెప్తూ తలెత్తింది. ఎదురుగా గోడకి చొక్కాలు తగిలించే కొయ్య ఉంది. దాని మీద ఒక్క చొక్కా లేదు.

లేకపోతే లిఫ్టులు. ఇందాక పూర్తి చెయ్యని మాట దానంతటదే పూర్తయింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో జల్లెడకి ఆ క్షణంలో తెలిసింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పెళ్ళినాటి ఫొటోలన్నీ గిర్రున తిరిగాయి. ఒక్కదాంట్లోనూ మరిది మొహం లేదు. తీసినవాడు అతనే.

గుమ్మడికాయల దొంగ అంటే ఎవరైనా భుజాలు తడుముకుంటారు. అతను తడుముకోలేదు. జల్లెడ కళ్ళు కొయ్య మీదికి వెళ్ళడం చూశాడు, అక్కడినుంచి తన మీదికి రావడమూ చూశాడు. నీళ్ళగ్లాసు నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"ఆగిపోయారేం వదినా? తర్వాత?"

"తర్వాతేముంది. దొరకలేదు ఇంకా," అంది జల్లెడ.

"మా ఇంట్లోనూ రోజుకొకటి పోతోంది కదండీ!" అని చెల్లెలు నవ్వింది. ఆ నవ్వు అవసరమైనదానికంటే పొడుగ్గా సాగింది. మరిది తనూ నవ్వి, ముగ్గురి పళ్ళాలూ తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు.

జల్లెడ చేతులు కడుక్కునే నెపంతో వెనకే వెళ్ళింది. అతను ఆవిడ వైపు తిరగలేదు. సబ్బు నురగలో పళ్ళెం తిప్పుతూనే ఉన్నాడు.

"అతను దొరికితే ఏం చేస్తారు?"

"సమన్లు చేతికిస్తారు. కోర్టు చెప్పినట్టు బిడ్డని పోషించాలి. అంతే. ఎవరినీ ఉరి తియ్యరు," అంది జల్లెడ. గట్టు పట్టుకుంది.

"అంతేనా!" అన్నాడు. పళ్ళెం వెలుతురులో పెట్టి చూసి, ఇంకోసారి తుడిచాడు. "మీ చెల్లెలికి పొద్దున కూడా కళ్ళు తిరిగాయి వదినా. డాక్టరమ్మ ఏమందో మీకు గుర్తుంది కదా? ఏ కబురు చెప్పినా చూసి చెప్పాలి. ఏదైనా జరిగితే, చెప్పినవాళ్ళదే పాపం అవుతుంది."

అంత మర్యాదగా బెదిరించినవాడిని జల్లెడ తన ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. తిట్టినవాళ్ళున్నారు, రాళ్ళు విసిరినవాళ్ళున్నారు. వాళ్ళంటే భయం వెయ్యలేదు. ఇప్పుడు వేసింది.

అప్పుడే, ఆ నిమిషమే చెల్లెలి చెయ్యి పట్టుకుని తన ఇంటికి లాక్కుపోవాల్సింది. కానీ లాక్కుపోతే కారణం చెప్పాలి. చెప్తే రక్తపోటు. రేపు పొద్దున్నే పెద్దసారుకి చెప్పి, సమన్లు అందించి, డాక్టరమ్మని పక్కన పెట్టుకుని మెల్లగా చెప్దాం అనుకుంది. ఒక్క రోజులో ఏం మునిగిపోతుందని తనకి తనే సర్దిచెప్పుకుంది. కండక్టరమ్మ చెప్పింది తొమ్మిదో నెల కదా, ఇంకా ఎనిమిదే కదా అని లెక్క వేసుకుంది. పిచ్చిది.

గుమ్మం దగ్గర చెల్లెలు ఆవిడని కావలించుకుంది. కడుపు అడ్డం వచ్చినా వదల్లేదు. "వేళకి తిను అక్కా," అంది. "నీ మొహం, నాకు చెప్తావేమే" అని జల్లెడ విసుక్కుని, కన్నీళ్ళు కనపడకుండా గబగబా మెట్లు దిగిపోయింది.

సోమవారం పెద్దసారు విన్నదంతా విని తల పట్టుకున్నాడు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మీరు రచ్చ గెలిచి ఇంట్లో పెట్టుకున్నారా వాణ్ణి?" అన్నాడు. ఆ తర్వాత కేకలు మానేసి, సమన్లు అందించే ముసలాయన్ని వెంటనే పంపించాడు. దుకాణాల భవనంలో లిఫ్టు మెకానిక్కు రాలేదన్నారు. కళ్ళజోళ్ళ దుకాణంలో చెల్లెలు కూడా రాలేదన్నారు.

ఫ్లాటుకి తాళం వేసి ఉంది. జల్లెడ దగ్గర ఇంకో తాళంచెవి ఉంది.

లోపల ఇల్లు కడిగినట్టుంది. బీరువాలో అతని వైపు అరలు ఖాళీ. అది అనుకున్నదే. జల్లెడ గబుక్కున రెండో తలుపు తెరిచింది. అటువైపూ ఖాళీయే. చెల్లెలి బట్టల్లేవు. దువ్వెన లేదు. కిటికీలో ఉండే చిన్న అద్దం లేదు. నిన్నంతా ఆవిడ అతని చొక్కాలే చూసింది, అతని చెప్పులే చూసింది. ఆ చెప్పుల గూట్లో చెల్లెలివి కూడా లేవని ఇప్పుడు గుర్తొచ్చింది. రోజుకొకటి చొప్పున ఇద్దరివీ పోయాయి. చెల్లెలికి తెలుసు. తెలిసే గుమ్మం దగ్గర అంతసేపు పట్టుకుంది.

"ఈసారి వదిలిపెట్టి పోలేదు, తీసుకుపోయాడు. నయమే కదమ్మా," అన్నాడు సమన్ల ముసలాయన, ఏదో ఒకటి అనాలని.

జల్లెడ పడకగది తలుపు వెనక చూస్తోంది. అక్కడ ఒక సంచీ ఉంది. కాన్పుకి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళాలని అక్కచెల్లెళ్ళిద్దరూ కూర్చుని సర్దిన సంచీ. మెత్తటి పాతబట్టలు, బిడ్డకి టోపీ, తువ్వాళ్ళు, రక్తపోటు మాత్రలు. ఇంట్లో ప్రతి వస్తువూ పట్టుకుపోయినవాళ్ళు దాన్ని మాత్రం వదిలేసి వెళ్ళారు.

ఎందుకు వదిలేశారో ఆవిడకి అర్థమైంది. క్రితం ఏడు ఒక ఆదివారం ఒక కథ చెప్పింది. రెండో పెళ్ళి చేసుకుని దాక్కున్న ఒకడిని ప్రసూతి వార్డు ముందు పట్టుకున్న కథ. దాక్కున్నవాడు ఎన్ని చేసినా భార్య కాన్పుకి ఆసుపత్రికి రాక తప్పదు కదా అని, చుట్టుపక్కల వార్డులన్నిటికీ కబురు పెట్టి కూర్చుంది. "అయితే వాడు ఏం చేసి ఉండాల్సింది వదినా?" అని అడిగాడు మరిది. "ఏముంది, పెళ్ళాన్ని ఆసుపత్రి గడప తొక్కనివ్వకుండా ఉండాల్సింది!" అంది జల్లెడ. ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది తనే.

ఆవిడ ఆ ఖాళీ ఇంట్లో నేలమీద కూలబడి, సంచీ ఒళ్ళో పెట్టుకుని, గుండెలు బాదుకుని ఏడ్చింది. ముసలాయన సమన్లు జేబులో పెట్టుకుని, ఏం చెయ్యాలో తోచక, వసారాలోకి వెళ్ళి నిలబడ్డాడు.

ఆ తర్వాత జల్లెడ వెతికిన వెతుకులాట లాంటిది ఆఫీసులో ఎవరూ ఎరగరు. లిఫ్టులున్న ప్రతి భవనానికీ ఫోన్ చేసింది. రాగితీగ అమ్మే కొట్లన్నీ తిరిగింది. ఎక్కడా జాడ లేదు. పావురాలవాడి పొరపాటు ఇతను చెయ్యలేదు, చదరంగంవాడి పొరపాటూ చెయ్యలేదు. పాఠం చెప్పిన పంతులమ్మే పరీక్ష పెడితే పిల్లవాడు తప్పుతాడా? ఒక్క దారి మిగిలింది, ప్రసూతి వార్డులకి కబురు పెట్టడం. ఆ కాగితం మీద సంతకం పెట్టబోయి ప్రతిసారీ కలం కింద పెట్టేసేది. కబురు పెట్టానని అతనికి అనుమానం వస్తే చాలు, చెల్లెలిని ఏ గదిలోంచీ బయటికి రానివ్వడు. అలా పెట్టకుండానే తొమ్మిదో నెల పడింది.

ఒక మధ్యాహ్నం కండక్టరమ్మ మళ్ళీ వచ్చింది, కూతురితో. "ఏమైందండీ నా సంగతి?"

జల్లెడ దాచలేదు. అతను తన మరిదేనని, తన నోటితోనే హెచ్చరించి పంపించానని, చెల్లెలిని కూడా పట్టుకుపోయాడని చెప్పింది. కండక్టరమ్మ మొహం గట్టిపడింది. ఎనిమిదేళ్ళు తను వెతికిన మనిషి ఈవిడ పక్కన కూర్చుని ప్రతి ఆదివారం భోంచేశాడన్న మాట మింగుడుపడలేదు. చెయ్యెత్తి కొట్టినా జల్లెడ అడ్డుకునేది కాదు. కండక్టరమ్మ కొట్టలేదు.

"ఎన్నో నెల మీ చెల్లెలికి?" అని అడిగింది.

"తొమ్మిది."

కండక్టరమ్మ కూతురి కుడిచెయ్యి తీసి తన చేతిలో పెట్టుకుంది. అప్పుడే బల్ల మీద జల్లెడ ఫోను మోగింది. నంబరు కనపడలేదు. జల్లెడ చేతిలోంచి ఫోను జారిపోతే, కండక్టరమ్మే దాన్ని పట్టుకుని స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"అక్కా."

"బుజ్జీ! ఎక్కడున్నావే? ఎలా ఉన్నావు?"

"కళ్ళముందు మెరుపుల్లా వస్తున్నాయక్కా. పొద్దున్నుంచీ నొప్పులు." చెల్లెలు ఆగి ఆగి మాట్లాడుతోంది. "కొత్త ఊరు, మంచి ఉద్యోగం అన్నాడు. నీకు చెప్తే ఏడ్చి ఆపేస్తావన్నాడు. నాకేం తెలుసక్కా..."

"అదంతా తర్వాత. ముందు ఆసుపత్రికి వెళ్ళు. ఇప్పుడే వెళ్ళు."

"తీసుకెళ్తాడంట. నువ్వు మాటిస్తేనే." చెల్లెలు ఏడుస్తోంది. "వెతకనని చెప్పక్కా. ఇవాళే కాదు, ఎప్పటికీ వెతకనని. ఎవరినీ పంపించనని. నీ మాట మీద నమ్మకం ఉందంటున్నాడు. త్వరగా చెప్పక్కా, నా వల్ల కావట్లేదు."

జల్లెడ నోరు తెరిచింది. ఎదురుగా కండక్టరమ్మ ఉంది, పక్కన పిల్ల ఉంది. పాతాళంలో ఉన్నా లాక్కొస్తానని ఈ బల్ల దగ్గరే అంది. ఎటు చూసినా ఒక తల్లే.

కండక్టరమ్మ ముందుకి వంగి, గొంతు బాగా తగ్గించి అంది: "ఇచ్చెయ్యండి మాట. ఆ గదిలో ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇచ్చెయ్యండమ్మా."

"వెతకను," అంది జల్లెడ. "విన్నావా బుజ్జీ? వెతకను. నీ మీద ఒట్టు. ఎవరినీ పంపించను. చెప్పు ఆయనకి. తీసుకెళ్ళమను."

అవతల ఏదో కుర్చీ జరిగిన చప్పుడయింది. చెల్లెలి మూలుగు దూరమైంది. దాని స్థానంలోకి నెమ్మదైన, మర్యాదైన గొంతు వచ్చింది.

"మంచిది వదినా. మీ మాటంటే మాటే, నాకు తెలుసు. ఆరోగ్యం జాగ్రత్త. ఆదివారం వస్తే మీ కథలు లేక ఏం తోచట్లేదు."

ఫోను కట్టయింది. ఆసుపత్రికి బయల్దేరాడో, ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడో తెలిసే దారి లేదు. తెలుసుకోనని ఇప్పుడే ఒట్టు పెట్టింది. జల్లెడ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, నల్లబడ్డ ఫోనునే చూస్తూ కూర్చుంది. కండక్టరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పిల్ల బొమ్మ గీయడం ఆపేసి తలెత్తింది. "ఎవరమ్మా ఆ అంకుల్?"

కండక్టరమ్మ నోట్లోంచి కొంగు తీసింది. "మీ నాన్న."

పిల్ల ఎడమచేత్తో ఫోనుని తనవైపు లాక్కుని, అటూ ఇటూ తిప్పి చూసింది. చెవి దగ్గర పెట్టుకుంది. ఏమీ వినపడకపోయేసరికి జాగ్రత్తగా మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"ఈసారి చేస్తే నాకివ్వండి ఆంటీ," అంది.